వాలు నేర్పే పటం: భారతదేశ ఉబ్బెత్తు పటంతో రెండేళ్ల అనుభవం

తెలంగాణ పదో తరగతి సాంఘికశాస్త్రంలో మొదటి పాఠం భారతదేశ భౌగోళిక స్వరూపాల గురించే. జూన్‌లో బడి తెరిచిన కొద్ది రోజులకే హిమాలయాలు, గంగా సింధు మైదానం, ద్వీపకల్ప పీఠభూమి, కనుమలు, తీరమైదానాలు, ఎడారి, దీవులు ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. మా ఉన్నత పాఠశాల జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. ఇక్కడి పిల్లల్లో ఎక్కువమంది హైదరాబాదు కూడా చూడలేదు. ఎత్తు అంటే వారికి ఊరి వెనక గుట్ట, సముద్రం అంటే జూరాల ప్రాజెక్టు వెనక నిలిచిన నీళ్లు. ఈ పిల్లలకు సొంత దేశపు నేల ఎలా ఉంటుందో చేతికి తగిలేలా చూపించాలనే ఉద్దేశంతో రెండేళ్ల క్రితం పాఠశాల గ్రాంటులో నుంచి ఒక ఉబ్బెత్తు పటం కొన్నాం. ఈ సమీక్ష ఆ పటం గురించి. తయారీదారు పేరు గానీ, అమ్మిన దుకాణం పేరు గానీ రాయడం లేదు. ఇదే అచ్చులో పోసినట్టు కనిపించే పటాలు వేర్వేరు పేర్లతో దొరుకుతున్నాయి కనుక, పేరు చెప్పడం కన్నా దానిలో ఏం చూసుకుని కొనాలో చెప్పడమే తోటి ఉపాధ్యాయులకు పనికొస్తుంది.

పెట్టెలో వచ్చినవి నాలుగు: మీటరు పొడవు, అంతకు కొంచెం తక్కువ వెడల్పు ఉన్న ప్లాస్టిక్ పటం, అంటించుకునే పేర్ల చీటీలు, గుండుసూదులకు గుచ్చిన చిన్న జెండాలు, ఉపాధ్యాయుల కోసం తెలుగులో ఒక కరదీపిక. మొత్తం ధర రెండు వేల ఆరు వందల రూపాయలు, రవాణా అదనం. పటం స్కేలు 1:40,00,000 అని మూలన అచ్చువేశారు. అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద 40 కి.మీ. ఉత్తరం నుంచి దక్షిణానికి 3,214 కి.మీ. ఉన్న దేశం దాని మీద 80 సెం.మీ. వస్తుంది, తూర్పు పడమరల 2,933 కి.మీ. 73 సెం.మీ. వస్తుంది. టేపుతో కొలిచి చూశాం, ఈ రెండూ సరిగ్గానే ఉన్నాయి. మా నడిగడ్డ మొత్తం, అంటే కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న గద్వాల, ఆలంపూర్ ప్రాంతమంతా, బొటనవేలి గోరు కింద దాగిపోతుంది. ఆ గోరు పెట్టి చూపించిన రోజునే పిల్లలకు స్కేలు అంటే ఏమిటో తెలిసింది. దోఆబ్ అనే మాటకు అర్థం చెప్పడం కూడా అప్పుడే తేలికైంది. రెండు నదుల నడుమ ఉన్న నేలను తరతరాలుగా నడిగడ్డ అని పిలుచుకుంటున్న పిల్లలకు బియాస్, సట్లెజ్‌ల నడుమ నేలను వేరే మాటతో వివరించనక్కర లేదు.

అసలు ఉబ్బెత్తు పటం ఎందుకు, గోడకు వేలాడే రంగుల భౌతిక పటం చాలదా అని మా ప్రధానోపాధ్యాయుడే అడిగారు. చాలదని చెప్పడానికి నా దగ్గర ఒక కారణం ఉంది. గోడ మీద పటంలో ఉత్తరం పైన, దక్షిణం కింద ఉంటాయి. ఏళ్ల తరబడి అలాగే చూసిన పిల్లలకు ఉత్తరం అంటే ఎత్తు, దక్షిణం అంటే పల్లం అన్న భావం తెలియకుండానే స్థిరపడుతుంది. చంబల్ ఉత్తరంగా పారి యమునలో కలుస్తుందంటే, నీళ్లు పైకి ఎలా ఎక్కుతాయని అడిగే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టిన మన మంజీర సంగారెడ్డి దాటాక ఉత్తరానికి తిరిగి కందకుర్తి దగ్గర గోదావరిలో కలవడం కూడా వారికి వింతగానే తోస్తుంది. పటాన్ని గోడ మీద నుంచి దించి బల్ల మీద పడుకోబెడితే ఈ చిక్కు సగం తీరిపోతుంది. అందువల్ల ఈ పటానికి వెనక వైపు వేలాడదీయడానికి ఇచ్చిన రెండు కొక్కేలను మేము మొదటి రోజే పీకేశాం. కరదీపిక మాత్రం ‘తరగతి గది గోడపై ఆకర్షణీయంగా అమర్చుకోవచ్చు’ అంటుంది. ఆ సలహా పాటించవద్దు.

బల్ల మీద పరిచి చుట్టూ నిలబడి చూసినప్పుడు ఈ పటంలో బాగా చేసిన చోట్లు వెంటనే తెలుస్తాయి. నీలగిరులకూ అన్నామలై కొండలకూ మధ్య పాలక్కాడ్ కనుమను, అంటే కొండల నడుమ సందును, స్పష్టంగా తీశారు. పడమటి కనుమల గోడ వెంట వేలు జరుపుతూ దక్షిణానికి వస్తే అక్కడ వేలు ఒక్కసారిగా కిందికి జారుతుంది. కోయంబత్తూరు నుంచి కేరళకు రైలు ఎందుకు ఆ దారినే వెళ్తుందో ఆ జారుడే చెబుతుంది. అలాగే తూర్పున రాజమహల్ కొండలకూ గారో కొండలకూ మధ్య ఖాళీని వదిలారు. మేఘాలయ పీఠభూమి హిమాలయాల తోక కాదు, ద్వీపకల్ప పీఠభూమి నుంచి తెగి తూర్పున మిగిలిన ముక్క. చాలా పటాల్లో రంగు ఒకటే కావడంతో అది హిమాలయాల్లో కలిసిపోయినట్టు కనిపిస్తుంది. ఈ రెండు చోట్లా అచ్చు తీసినవారికి భూగోళం తెలుసుననిపించింది. ఆ నమ్మకం మిగతా పటమంతటా నిలవకపోవడమే విచారం.

ఎత్తుల సంగతి చూద్దాం. ఉబ్బెత్తు పటం కొనేవారు తప్పనిసరిగా అడగవలసిన ప్రశ్న, నిలువు ఎత్తును ఎన్ని రెట్లు పెంచారన్నది. ఈ స్కేలులో 8,586 మీటర్ల కాంచనగంగను ఉన్నది ఉన్నట్టు చూపితే అది రెండు మిల్లీమీటర్ల కన్నా కొద్దిగా ఎక్కువ లేస్తుంది, అంటే ఒక అగ్గిపుల్ల మందం. 600 మీటర్ల దక్కన్ పీఠభూమి కాగితమంత పలచగా ఉంటుంది. అందుకే ప్రతి ఉబ్బెత్తు పటమూ ఎత్తును పెంచి చూపుతుంది, అందులో తప్పు లేదు. అయితే ఎన్ని రెట్లో చెప్పాలి, అన్ని చోట్లా అదే రెట్టు పాటించాలి. ఈ పటం మీద ఆ సంఖ్య ఎక్కడా లేదు. మేము స్కేలుబద్ద నిలబెట్టి కొలిస్తే కాంచనగంగ సుమారు 2.2 సెం.మీ. ఉంది, అంటే పది రెట్లు. అదే లెక్కన 2,695 మీటర్ల ఆనైముడి ఏడు మిల్లీమీటర్ల లోపు ఉండాలి, 1,501 మీటర్ల మహేంద్రగిరి నాలుగు మిల్లీమీటర్ల లోపు ఉండాలి. ఆనైముడి 13 మి.మీ. ఉంది, మహేంద్రగిరి ఎనిమిది. కనుమలను హిమాలయాల కన్నా రెట్టింపు సాగదీశారన్నమాట. కంటికి అందంగా ఉండాలని చేసిన పని ఇది. దాని ఫలితంగా పడమటి కనుమలు హిమాలయాల్లో సగానికి పైగా ఎత్తు ఉంటాయని పిల్లలు నమ్మే ప్రమాదం ఉంది.

నేను ఈ లోపాన్ని దాచలేదు. పిల్లల చేతే కొలిపించి, పట్టిక గీయించి, ఏ కొండ ఎన్ని రెట్లు పెరిగిందో భాగాహారం చేయించాను. గణితం మాస్టారు కూడా ఆ గంట మాతోనే కూర్చున్నారు. పటం కూడా అబద్ధం ఆడగలదని, ఆ అబద్ధాన్ని కొలిచి పట్టుకోవచ్చని తెలియడం భూగోళం చదివే విద్యార్థికి కాంచనగంగ ఎత్తు తెలియడం కన్నా పెద్ద లాభమని నా అభిప్రాయం. ‘ఈ ఎత్తులను మొదట ఎవరు కొలిచారు సార్’ అన్న ప్రశ్న కూడా ఆ గంటలోనే వచ్చింది. 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర బ్రిటిష్ సర్వే అధికారి లాంబ్టన్ సుమారు 12 కి.మీ. ఆధారరేఖను కొలవడంతో మొదలుపెట్టి, త్రిభుజాల మీద త్రిభుజాలు కడుతూ దేశమంతా సాగిన సర్వే గురించి చెప్పాను. ఇంత ముఖ్యమైన విషయం మీద కరదీపికలో ఒక్క వాక్యం కూడా లేదు.

ఇక నీళ్ల ప్రయోగం. కరదీపికలో లేనిదీ, ఈ పటం కొన్నందుకు నాకు అత్యంత సంతృప్తి ఇచ్చినదీ ఇదే. గోదావరి నాసిక్ జిల్లా త్రయంబకేశ్వరం దగ్గర పుడుతుంది. అక్కడి నుంచి అరేబియా సముద్రం దాదాపు 80 కి.మీ., పటం మీద రెండు సెంటీమీటర్లు. అయినా ఆ నది పడమటికి పోకుండా 1,465 కి.మీ. తూర్పుకు పారి బంగాళాఖాతంలో కలుస్తుంది. మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణదీ అదే కథ. పీఠభూమి పడమటి నుంచి తూర్పుకు వాలి ఉండటమే కారణమని పాఠంలో ఒక వాక్యం ఉంది, పిల్లలు ఆ వాక్యాన్ని కంఠస్థం చేస్తారు కూడా. చుక్కల మందు సీసాను కడిగి నీళ్లు నింపి, నాసిక్ దగ్గర ఒక్కొక్క చుక్కే వదలమని ఒక అబ్బాయికి ఇచ్చాను. నీళ్లు కనుమల అంచు దిగి కొద్ది దూరం తూర్పుకు పోయి, మరాఠ్వాడా నడిబొడ్డున గుంటకట్టి ఆగిపోయాయి. ‘సార్, గోదావరి ఆడనే నిలిచిపాయె’ అన్నాడు వాడు. ఇంకా పోశాం. గుంట పెద్దదై విదర్భ దాకా పాకింది కానీ బాసర వైపు ఒక్క చుక్క రాలేదు. అచ్చు తీసినవారు కనుమలను లేపడంలో చూపిన శ్రద్ధ పీఠభూమికి వాలు ఇవ్వడంలో చూపలేదు. దక్కన్ అంతా బల్లపరుపుగా పోశారు.

డబ్బు వృథా అయిందనుకున్నాను. అప్పుడు ఒక అమ్మాయి, పటం పడమటి అంచు కింద నోటుపుస్తకం పెడితే ఎలా ఉంటుందని అడిగింది. రెండు నోటుపుస్తకాలు పెట్టాం. గుంటలోని నీళ్లు కదిలి, ఆదిలాబాద్ కింది నుంచి తోవ వెతుక్కుంటూ పోయి రాజమండ్రి దగ్గర బల్ల మీదికి కారాయి. తరగతి మొత్తం చప్పట్లు కొట్టింది. కృష్ణకూ పోశాం. తంగిడి దగ్గర తెలంగాణలోకి వచ్చే నది, పటం మీద తుంగభద్రను ఆలంపూర్ దగ్గర కాకుండా కాస్త పైనే కలుపుకున్నా, చివరికి హంసలదీవి దాకా చేరింది. పీఠభూమి తూర్పుకు వాలి ఉందన్న వాక్యాన్ని ఆ తరువాత ఎవరూ కంఠస్థం చేయవలసిన అవసరం రాలేదు.

కథ అక్కడితో ముగిసి ఉంటే ఈ సమీక్ష ఇంత పొడుగు రాసేవాడిని కాను. అమరకంటక్ దగ్గర చుక్కలు వేయగానే కొత్త చిక్కు వచ్చింది. నర్మద పడమటికి పారాలి. మా నర్మద తూర్పుకు తిరిగి మహానదిలో కలిసిపోయింది. గోదావరిని బాగుచేయబోయి నర్మదను చెడగొట్టాం. పీఠభూమి అంతా తూర్పుకు వాలి ఉంటే నర్మద, తపతి మాత్రం ఎదురు ఎందుకు పోతాయన్న ప్రశ్న నేను వేయకుండానే పిల్లల నోటి నుంచి వచ్చింది. వింధ్య, సాత్పురా కొండల మధ్య నేల పగిలి కుంగడంతో ఏర్పడిన లోయలో నర్మద పారుతుందని, ఆ లోయ అడుగు పడమటికి వాలి ఉంటుందని, అదే అమరకంటక్ ప్రాంతంలో పుట్టిన సోన్ నది మరో వైపు పోయి పాట్నాకు ఎగువన గంగలో కలుస్తుందని అప్పుడు చెప్పాను. పగులు లోయ అనే పారిభాషిక పదం పన్నెండేళ్లుగా నల్లబల్ల మీద రాస్తున్నాను. దాని అవసరం పిల్లలకు కలిగిన తరువాత ఆ పదం రాయడం మాత్రం ఇదే మొదటిసారి. చివరకు కొవ్వొత్తి కరిగించి, అమరకంటక్ దగ్గర మందంగా, భరూచ్ వైపుకు పోనుపోను పలచగా మైనం పోసి నర్మదకు ఒక అడుగు కట్టాం. మూడో ప్రయత్నంలో నీళ్లు ఖంభాత్ సింధుశాఖ చేరాయి. తపతికి ఆ పని చేసే ఓపిక మాకు లేకపోయింది.

కనుమలను అతిగా పెంచారని పైన ఫిర్యాదు చేశాను. న్యాయంగా చెప్పాలంటే ఆ అతి ఒకచోట అక్కరకు వచ్చింది. ఇస్త్రీ చేసేవారు వాడే నీళ్లు చిమ్మే సీసా తెచ్చి, నైరుతి దిక్కు నుంచి పటం మీదికి వంచి చిమ్మాం. కొంకణం, మలబారు తడిసి ముద్దయ్యాయి. కనుమల వెనక మహారాష్ట్ర లోపలి జిల్లాలు, రాయచూరు, మా నడిగడ్డ పొడిగా మిగిలాయి. మహాబలేశ్వరంలో ఏటా 5,000 మి.మీ. దాటి వాన పడుతుంటే మా జిల్లాలో అందులో ఎనిమిదో వంతు కూడా ఎందుకు పడదో, వర్షచ్ఛాయా ప్రాంతం అంటే ఏమిటో వేరే చెప్పవలసి రాలేదు. ఇది నిజమైన రుతుపవనం కాదని, గాలి పైకి లేచి చల్లబడటం వల్ల వాన కురుస్తుందే తప్ప కొండ గోడలా అడ్డుపడటం వల్ల మాత్రమే కాదని ఆ వెంటనే హెచ్చరించడం అవసరం. లేకపోతే సీసా చూపిన బొమ్మే పిల్లల మనసులో నిలిచిపోతుంది.

హిమాలయాల అచ్చు నన్ను బాగా నిరాశపరిచింది. ఆ లోపాన్ని కనిపెట్టింది మా తరగతిలో చూపు బాగా తక్కువగా ఉన్న ఒక అమ్మాయి. మిగతావారు రంగులు చూసి మోసపోయారు. ఆ అమ్మాయి పంజాబు మైదానం మీద నుంచి వేళ్లను ఉత్తరానికి నడిపించి, ‘ఇది ఒక్కటే గుట్ట కదా సార్, మూడు వరుసలు అన్నారు’ అంది. శివాలిక్ కొండలు 900 నుంచి 1,100 మీటర్లు, హిమాచల్ శ్రేణి 3,700 నుంచి 4,500 మీటర్లు, హిమాద్రి సగటున 6,100 మీటర్లు. ఈ మూడు మెట్లను ముదురు గోధుమ, లేత గోధుమ, తెలుపు రంగులతో వేశారు గానీ అచ్చులో మెట్లు లేవు, ఒకే వాలు ఉంది. శివాలిక్‌కూ హిమాచల్‌కూ మధ్య ఉండే లోయలను డూన్‌లంటారు. డెహ్రాడూన్‌కు ఆ పేరు అందుకే వచ్చిందని చెప్పబోతే వేలికి తగిలే పల్లం ఒక్కటీ లేదు. నదుల గీతలు కూడా రంగుతో గీసినవే తప్ప గాడులుగా తీసినవి కావు. చూపు లేని పిల్లల కోసం కొనాలనుకునేవారికి ఈ పటాన్ని నేను సిఫారసు చేయను. అలాంటి అవసరానికి కోల్‌కతాలోని జాతీయ అట్లాసు సంస్థ, అదే నాట్మో, బ్రెయిలీ అట్లాసును ప్రచురించింది. ముందు దాని గురించి వాకబు చేయడం మంచిది.

తీరరేఖ విషయంలో పటం తప్పేమీ లేదు, కానీ దాన్ని వాడుకుని ఒక మంచి పాఠం చెప్పవచ్చు. కచ్ నుంచి సుందరబన్స్ దాకా తీరం వెంట దారం పరిచి, ఆ దారాన్ని కొలిచి, 40తో గుణించమన్నాను. దారం 118 సెం.మీ. వచ్చింది, అంటే 4,720 కి.మీ. పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉన్న 7,516 కి.మీ.లో అండమాన్ నికోబార్, లక్షద్వీప్ దీవుల తీరం 2,094 కి.మీ. తీసేసినా 5,422 కి.మీ. మిగలాలి. మిగతా ఏడు వందల కి.మీ. ఎక్కడికి పోయాయి? వాగుల నోళ్లలోకి, చిన్న చిన్న మలుపుల్లోకి మా దారం వంగలేదు. ఎంత సన్నని మలుపుల్ని లెక్కలోకి తీసుకుంటే తీరం అంత పొడవవుతుంది. ఇటీవల కేంద్ర ప్రభుత్వం మరింత పెద్ద స్కేలు పటాల మీద తిరిగి కొలిపించి దేశ తీరరేఖ 11,098 కి.మీ. అని ప్రకటించింది. సముద్రం పెరగలేదు, దారం సన్నబడింది. పెట్టెతో వచ్చిన కరదీపికలో పాత అంకె మాత్రమే ఉంది. పరీక్షలో ఏ అంకె రాయాలని పిల్లలు అడిగితే, తమ పాఠ్యపుస్తకంలో ఉన్నది రాయమని, కారణం మాత్రం గుర్తుంచుకోమని చెప్పాను.

కరదీపిక, పేర్ల చీటీల గురించి ఎక్కువ చెప్పడం అనవసరం, రెండూ నాసిగా ఉన్నాయి. తెలుగు ఎవరో హడావుడిగా మార్చి రాసినట్టుంది. ‘నది తన ప్రయాణాన్ని ప్రారంభించును’ వంటి వాక్యాలు చదివి పిల్లలు నవ్వారు. వింధ్యకు వత్తు లేదు. చీటీలు అంటించడానికి ఇచ్చిన నమూనా బొమ్మలో వింధ్యను నర్మదకు దక్షిణాన, సాత్పురాను ఉత్తరాన చూపారు, అసలు ఉన్నదానికి ఇది సరిగ్గా తలకిందులు. రాజకీయ సరిహద్దులు ఇంకా పాతవి. తెలంగాణ ఉంది కానీ, 2019 అక్టోబరు 31న రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా ఏర్పడిన జమ్మూ కశ్మీర్, లద్దాఖ్ ఒకే రాష్ట్రంగా ఉన్నాయి. కొనేముందు పటం మూలలో ముద్రణ సంవత్సరం, సర్వే ఆఫ్ ఇండియా పటం ఆధారంగా వేసినట్టు తెలిపే వాక్యం ఉన్నాయో లేదో చూసుకోవాలి. మా పటం మీద రెండోది ఉంది, మొదటిది లేదు. ఆ లేకపోవడాన్ని బట్టే అనుమానించి ఉండవలసింది.

మన్నిక మధ్యస్థం. నీళ్లు పోసినా రంగు పోలేదు, ఇది మెచ్చుకోవలసిన విషయం. చీటీల జిగురు మాత్రం మొదటి వానకే ఊడింది. బీరువా వెనక నిలబెట్టి దాచినప్పుడు ప్లాస్టిక్ వంగి గుజరాత్ మూల పైకి లేచింది, దాని మీద బరువు పెట్టి సరిచేయడానికి నెల పట్టింది. కాబట్టి పడుకోబెట్టే దాచాలి. గంగా మైదానంలో సుద్దపొడి పేరుకుంటుంది. దాన్ని తుడిచే వంతు వచ్చిన పిల్లలు ఒండ్రు అని హాస్యమాడుతుంటారు.

ఈ డబ్బుకు ఇంతకన్నా మేలైనది లేదా అంటే, కొన్ని పనులకు ఉంది, అదీ డబ్బు లేకుండానే. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలు ఓపెన్ సిరీస్ పటాలను ఉచితంగా దింపుకోనిస్తుంది. అందులో మా మండలపు కాగితం తీసి అచ్చువేయిస్తే, ఊరి చెరువు, వాగు, గుట్ట చుట్టూ సమోన్నతి రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) అన్నీ కనిపించాయి. దేశపు పటం మీద గోరంత ఉన్న నడిగడ్డకు అక్కడ ఒక్క కాగితం కూడా చాలలేదు. ఇస్రో 2009 నుంచి నడుపుతున్న భువన్‌లో ఉపగ్రహ చిత్రాలతో పాటు బడిపిల్లల కోసం ప్రత్యేక విభాగం ఉంది. ఆ చిత్రాలకు ఆధారమైన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం హైదరాబాద్ బాలానగర్‌లోనే ఉందన్న మాట పిల్లలకు గర్వం కలిగించింది. కానీ తెర మీద బొమ్మ ఎంత స్పష్టంగా ఉన్నా దాని మీద నీళ్లు పోయలేం. చెక్క మీద కాగితపు గుజ్జుతో పిల్లలే చేసే నమూనా కూడా మంచిదే. మేము ఒకటి చేశాం. నెలరోజులు పట్టింది, శ్రీలంక తమిళనాడు కన్నా పెద్దదిగా వచ్చింది. చేసిన పిల్లలు నేర్చుకున్నారు, తరువాతి తరగతి పిల్లలకు అది పనికిరాలేదు.

పబ్లిక్ పరీక్షలో పటంలో గుర్తించే ప్రశ్నకు మార్కుల కోసమే అయితే ఈ పటం అక్కర లేదు. దానికి అవుట్‌లైన్ పటాల కట్ట, పెన్సిలు, రోజూ పది నిమిషాల సాధన చాలు. నిజానికి ఉబ్బెత్తు పటం మీద స్థానాలు గుర్తుపెట్టుకోవడం ఇంకా కష్టం, ఎందుకంటే అక్షాంశ రేఖాంశాలు ఎత్తుపల్లాల మీద వంకరపోయి కర్కటరేఖ ఏ ఊరి మీద నుంచి పోతుందో తేలదు. పేర్లు నేర్పడానికి కాకుండా వాలు నేర్పడానికి, నది ఎందుకు అటే పోతుంది, వాన ఎందుకు అక్కడే పడుతుంది అన్న ప్రశ్నలు పుట్టించడానికి దీన్ని కొనవచ్చు. ఏడాదికి కనీసం పది గంటలు బల్ల మీద పరిచి వాడగల ఉపాధ్యాయుడు ఉన్న బడికి రెండు వేల ఆరు వందలు ఎక్కువ కాదు. తనిఖీకి వచ్చినవారికి చూపడానికి గోడకు వేలాడదీసే బడికి ఇది రెండు వందలకు ఇచ్చినా దండుగే.

వింధ్య, సాత్పురాల తారుమారు గురించి దుకాణానికి ఫోన్ చేస్తే, పోట్లాడకుండా కొత్త చీటీల కట్ట పంపారు. అందులో కొండలు సరైన చోటికి వచ్చాయి గానీ వింధ్యకు వత్తు ఇంకా రాలేదు. చివరకు పిల్లలే చేతిరాతతో చీటీలు రాసి, పారదర్శక టేపు వేసి అంటించారు. మొన్న మే నెలలో రేకుల గదిలో వేడికి నర్మద అడుగున పోసిన మైనం మెత్తబడి సాత్పురా వైపు జారింది. గోకి తీసి శుభ్రం చేశాను కానీ మళ్లీ పోయలేదు. పడమటి అంచు కింద పెట్టే నోటుపుస్తకాలు కూడా తీసి బీరువాలో పెట్టాను. జూన్‌లో వచ్చే కొత్త పిల్లల ముందు గోదావరి మళ్లీ మరాఠ్వాడాలోనే ఆగాలి.